జైలు అధ్యాయం

14 సెప్టెంబర్ 1996, శనివారం

ఏడో క్యాసెట్ అయిపోయింది. చెవుల్లో ఇంకా ఆ గొంతే. నిదానంగా, సాగదీస్తూ, ప్రతి మాట చివర చిన్న పాటలాంటి ఇంగ్లీషు. హ్యూబర్ట్ అప్పలసామి. మా విజయనగరంలో వీధికొక అప్పలసామి ఉంటాడు. ఈయన మాత్రం కరీబియన్ దీవివాడు. ముత్తాత ఓడెక్కి చెరకు తోటలకి వెళ్ళాడట. భాష పోయింది, ఊరు పోయింది, పేరొక్కటే మిగిలింది. అది సింహాచలం దేవుడి పేరని చెప్పాను. "ఓహో, దేవుడా? అయితే పుస్తకంలో వేద్దాం. ఇండియా వాళ్ళ పేటలో ఓట్లు తక్కువ నాకు" అన్నాడు.

నవ్వాను. నవ్వాల్సింది కాదేమో.

మా ఆయన మూర్తి సైటుకి వెళ్ళగానే కూర్చుంటే మధ్యాహ్నం నమాజు పిలుపు దాకా టైపు. ఆ దీవిలో వచ్చే ఏడాది ఎన్నికలు. ఈలోగా ఆయన జీవితం అచ్చు కావాలి. క్యాసెట్లలో ఆయన మాట్లాడతాడు, నేను వాక్యాలుగా చేస్తాను. మూర్తి దీన్ని "నీ టైపింగు" అంటాడు.

17 సెప్టెంబర్, మంగళ

ఈ మనిషి నాకు నచ్చుతున్నాడు. రాసుకోడానికి సిగ్గుగా ఉంది.

తండ్రి చర్చి ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. ఈయన పాతికేళ్ళకే ఒక పాత తొక్కుడు అచ్చు మిషను కొని వారపత్రిక పెట్టాడు. నాలుగు పేజీలు. చక్కెర కంపెనీ మీద రాశాడు, తూకాల్లో మోసం మీద రాశాడు. కూలీల్లో చదువొచ్చినవాడు ఒకడు సారా కొట్టు అరుగు మీద నిలబడి పైకి చదివేవాడట, మిగతావాళ్ళు వినేవాళ్ళట. అక్కణ్ణుంచి పార్టీ, సీటు, మంత్రి పదవి. తర్వాత ఓటమి. ఇప్పుడు దోహాలో ఒక ఇంగ్లీషు పేపరుకి సలహాదారు, ఘర్రాఫాలో విల్లా, కంపెనీ కారు.

నేనూ ఒక పత్రిక నడిపాను. వాల్తేరులో, ఎం.ఏ. చదివేటప్పుడు, లైబ్రరీ వరండాలో గోడపత్రిక. మూడు సంచికలు. నాలుగోదాన్ని ఎవరో చింపేశారు. ఐదోది నేను రాయలేదు. ఎవరూ మానమనలేదు. అదీ సంగతి. ఎవరూ అనలేదు.

22 సెప్టెంబర్, ఆది

జైలు దగ్గర ఆగిపోయాను. ఏడో క్యాసెట్లో దాని మీద ఒక్క వాక్యమే — "కేసు పెట్టారు, తొమ్మిది నెలలు మా దగ్గర్నుంచి లాక్కున్నారు." దగ్గు. గ్లాసులో మంచుముక్కల చప్పుడు. తర్వాత నేరుగా ఎన్నికల ఊరేగింపు.

బిడియం కాబోలు. నిజంగా కష్టపడ్డవాళ్ళు చెప్పుకోరు. కానీ మన నాయకుల్లో ఎవరి జీవితచరిత్ర తీసినా మధ్యలో ఒక జైలుంటుంది. చిన్నప్పటి నుంచి అవే చదివాను. జైలు లేకపోతే ఆ పుస్తకానికి నడుము లేనట్టే.

అందుకని నేనే రాశాను. పదకొండు పేజీలు, 'నేను' అంటూ. రేకు బకెట్. కిటికీలోంచి అరచేతంత సముద్రం. వాన. చెమట పట్టే గోడ — దానికి వీపు ఆనిస్తే తనలాంటి మనిషెవరో పక్కనున్నట్టు. ఆ గోడ ఎక్కడిది? ఈ ఫ్లాటులో ఫ్రిజ్ వెనక గోడే. ఆగస్టులో మా పేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అంతా ఉడికిపోతుంటే అదలాగే చెమర్చుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత చేతివేళ్ళు వేడెక్కాయి.

24 సెప్టెంబర్, మంగళ

చదివాడు. కళ్ళద్దాలు తీశాడు.

"మిసెస్ మూర్తీ, పుస్తకంలో ఇంత బాగున్న భాగం ఇంకోటి లేదు."

అంతే. ఇంటికొచ్చి పప్పు మాడ్చాను.

4 అక్టోబర్, శుక్ర

ఆయన పేపరువాళ్ళంతా కుటుంబాలతో షహానియాకి, ఒంటె పందేల మైదానానికి. మమ్మల్నీ పిలిచాడు. దుప్పట్లు కప్పిన ఒంటెల్ని వరసగా నడిపించుకుపోతున్నారు మనవైపు మనుషులు, తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని. మేం డేరా కింద శాండ్‌విచ్‌లు తింటున్నాం.

అప్పలసామి ఒక ఇంగ్లీషు దంపతులకి తన జైలు చెబుతున్నాడు. నా వాక్యాలు. బకెట్, సముద్రం, చెమట పట్టే గోడ... మాట పొల్లుపోకుండా. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకేమో ముందు గర్వమే వచ్చింది. ఇది గుర్తుంచుకోవాలి. ముందు గర్వం.

తిరిగొచ్చేటప్పుడు కారు ఎల్లయ్య నడుపుతున్నాడు. అప్పలసామి డ్రైవరు, జగిత్యాల వైపువాడు. యాభై దాటాయి. క్యాసెట్లు తెచ్చిచ్చేది కూడా అతనే. మూర్తి ముందు సీట్లో కునుకు.

"అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు."

"అడుగు ఎల్లయ్యా."

"గా సారు నిజంగనే జైలుకు పోయిండా?"

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"రాదు గని జైలు, బకెట్ తెల్వయా? చేతులతోని గూడ చెప్పిండు గద." కొంచెం దూరం పోనిచ్చాడు. "నేను గూడ పోయిన. ఈడనే. ముందటి కంపెనోడు కార్డు రినీవల్ చేయియ్యలే, పట్టుకపోయిండ్రు. పదకొండు దినాలు. మా ఇంటిదానికి ఇప్పటిదాంక చెప్పలే. దుబాయ్‌ల మంచిగున్నడనే అనుకుంటది, మా ఊరోళ్ళకు గల్ఫ్ అంత దుబాయే. లోపలికి పోయినోడు బకెట్ ముచ్చట నవ్వుకుంట చెప్పడమ్మా."

"అందరూ ఒకలా ఉంటారా?"

"ఉండరు. నాకేమెరుక. సారు పెద్దోడు."

మూర్తి కళ్ళు తెరవకుండానే, "రోడ్డు చూసి నడుపు ఎల్లయ్యా" అన్నాడు.

9 అక్టోబర్, బుధ

ఏడో క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. "మా దగ్గర్నుంచి లాక్కున్నారు." నన్ను తీసుకెళ్ళారని ఎక్కడా అనలేదు. కేసు పెట్టారన్నాడు — ఎవరి మీదో ఆ మనిషి అనలేదు, నేను అడగలేదు.

తేదీలు సరిచూసుకోమని ఆయన ఇచ్చిన పాత సంచికల ఫైలు అటక మీంచి దించాను. గోధుమరంగు కాగితం, ముట్టుకుంటే పొడి. ఇన్నాళ్ళూ పెద్దక్షరాలే చదివాను. ఇవాళ చివరి పేజీ అడుగు చూశాను. అచ్చు వేసిందెవరో, ప్రచురించిందెవరో చట్టం ప్రకారం వేయాల్సిన చిన్నక్షరాల వరుస. కేసు వస్తే ఆ పేరు మీదే వస్తుంది.

మొదటి రెండేళ్ళు ఆయన పేరు. చక్కెర కంపెనీ మీద రాతలు మొదలైన నెల నుంచి వేరే పేరు. డోరా.

తర్వాత ఒక సంచికలో మొదటి పేజీ మీద నల్లగీతల మధ్య — "మా కంపోజిటర్ డోరాకు తొమ్మిది నెలలు. ఆమె కోసం ప్రార్థించండి." అదే సంచిక మూడో పేజీలో ఫొటో. లండన్‌లో ఏదో సభ. ఓవర్‌కోటులో అప్పలసామి, చెయ్యెత్తి మాట్లాడుతూ.

ఫైలు మూసేశాను. చేతులకి పొడి. కడిగాను. మళ్ళీ కడిగాను.

12 అక్టోబర్, శని

విల్లాకి వెళ్ళాను. చెప్పకుండానే.

"మీరు జైలుకి వెళ్ళలేదు."

"వెళ్ళానని నేనెప్పుడన్నాను?"

అనలేదు. నిజమే.

"మరి చదివినప్పుడు చెప్పలేదేం?"

"చెబుదామనే మొదలుపెట్టాను. చివరి పేజీకొచ్చేసరికి నేనక్కడ ఉన్నట్టే అనిపించింది. అంత బాగా రాయడం మీ తప్పు." నవ్వాడు. మంచి నవ్వే. ఆ నవ్వుకే ఓట్లు పడి ఉంటాయి.

"డోరా ఎవరు?"

"కంపోజిటర్. గట్టి మనిషి. చూడండి, చిన్న పత్రికలన్నీ చేసేదే ఇది. సంపాదకుడు లోపలికెళ్తే పత్రిక ఆగిపోతుంది. కంపోజిటర్ వెళ్తే వారం ఆలస్యమవుతుంది."

"ఆవిడకి తెలుసా, ఎందుకు పేరు వేస్తున్నారో?"

"సంతకం ఆమెదే."

"మంత్రి అయ్యాక ఆ చట్టం తీసేయొచ్చుగా?"

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ప్రభుత్వంలో కూర్చుంటే చట్టాలు వేరేలా కనిపిస్తాయి, మిసెస్ మూర్తీ."

తొమ్మిదో క్యాసెట్ గుర్తొచ్చింది. ఆ చట్టం కిందే ఇంకో చిన్న పత్రికని ఈయన మూయించాడు. దాన్ని 'శాంతిభద్రతలు' అనే అధ్యాయంలో పెట్టాం. పెట్టాం... నేనే పెట్టాను.

లేచాను. గుమ్మం దగ్గర — "ఆ అధ్యాయం మార్చకండి. ఇంకోటి, టైటిల్ పేజీ మీద 'రచన' అని మీ పేరు వేయిస్తున్నాను. మీకు రావాల్సిందే అది."

థాంక్స్ అన్నాను. ఎందుకన్నాను?

13 అక్టోబర్, ఆది

మూర్తికి చెప్పాను. పేరు సంగతి ముందు చెప్పాను, అబద్ధం సంగతి తర్వాత. ఆ వరసలో చెప్పడంలోనే నా బుద్ధి బయటపడింది.

"నీ పేరా! పుస్తకం మీదా!" అప్పటికప్పుడు ముగ్గురికి ఫోన్లు. తెలుగు సంఘం ప్రెసిడెంటుతో "మా శారద రైటరండీ" అంటున్నాడు. ఇరవై ఏళ్ళలో నేను రాసిన ఒక్క కాగితం చదవలేదు.

"ఆ జైలు ఆయనది కాదండీ. ఇంకొకావిడది."

"అయితే ఏమైంది? మనవైపు చిన్న పేపర్లవాళ్ళు పెళ్ళాల పేరు మీద నడపట్లేదా?"

"నేనదే చెబుతున్నా."

"ఏది?"

వదిలేశాను.

15 అక్టోబర్, మంగళ

బియ్యం కడుగుతుంటే తట్టింది. పన్నెండో అధ్యాయమంతా ఇప్పటి ప్రధాని మీద ఆరోపణలే. భూములు, తమ్ముడు, ఓడరేవు కాంట్రాక్టు. కాగితం ఒక్కటీ లేదు, క్యాసెట్లో గొంతు తప్ప. ఎన్నికల ముందు బయటికొస్తే కేసు ఖాయం. కేసు వేసేవాళ్ళు ముందు చూసేది రచన ఎవరిదని.

లేదు. ఊరికే అనుమానిస్తున్నానేమో. పాతికేళ్ళలో ఒక మనిషి నా పనికి పేరు ఇస్తానంటే అందులోనూ ముళ్ళు వెతుకుతున్నాను. రెండూ నిజమేమో. నన్ను గౌరవిస్తూనే ముందు నిలబెడుతున్నాడు. డోరానీ అలాగే గౌరవించి ఉంటాడు.

నన్నెవరూ ఆ దీవికి పట్టుకుపోరు. మూర్తి ఉద్యోగం ఉంది, వీసా ఉంది, స్పాన్సర్ ఉన్నాడు... ఇక్కడ నేను ఇంటావిడని. వీసా మీద అలాగే ఉంది.

21 అక్టోబర్, సోమ

టైపు చేయలేదు.

27 అక్టోబర్, ఆది

'నేను' తీసేసి 'డోరా' పెట్టి చూశాను, పదకొండు పేజీలూ. సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఆవిడ గురించి మాత్రం నాకేం తెలుసు? ఇందాకటి దాకా ఆయనకి తొడిగిన చొక్కా ఇప్పుడావిడకి తొడిగాను. ఎవరికీ కొలతలు తీసుకోలేదు.

మళ్ళీ 'నేను' పెట్టేశాను.

2 నవంబర్, శని

నేను తేల్చుకునేలోపే, ఇదివరకు నేనిచ్చిన డిస్కుని ఆయన దీవికి కొరియర్లో పంపేశాడు. పుస్తకం ఆయన పాత ప్రెస్సులోనే తయారవుతోంది. ఇవాళ ఎల్లయ్య కవరు తెచ్చాడు. "సారు ఎక్కియ్యమన్నడు." లోపల దీవి నుంచి వచ్చిన ఫాక్స్. తప్పొప్పుల పట్టిక. ముద్దగా, నిటారుగా ఉన్న చేతిరాత. మిగతా అధ్యాయాలవి మామూలు తప్పులు. జైలు అధ్యాయానివి ఇక్కడ ఎత్తిరాసుకుంటున్నాను. ఫాక్స్ కాగితం నెలకే తెల్లబడిపోతుంది.

'పేజీ 112 — బకెట్ రేకుది కాదు. ఎనామిల్. అంచు పెచ్చులూడింది.

పేజీ 113 — కిటికీలోంచి సముద్రం కనపడదు. ఆసుపత్రి గోడ కనపడుతుంది.

పేజీ 115 — ఆ నెలల్లో వానలు లేవు.

పేజీ 118 — వార్డర్ అని ఉంది. ఆడవాళ్ళ వైపు మేం మేట్రన్ అనేవాళ్ళం. మగవాళ్ళ వైపు ఏమనేవారో హ్యూబర్ట్‌ని అడగండి.

మిగతా కాపీ శుభ్రంగా ఉంది. — డి.'

పట్టిక మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఎల్లయ్య ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమైందమ్మా? ఊరి నుంచి ఏమన్న కబురా?"

"కాదు ఎల్లయ్యా. ఆ జైలు ఎవరిదో తెలిసింది."

"ఎవరిది?"

"ప్రెస్సులో పనిచేసే ఒకావిడది."

అతను చెప్పులేసుకున్నాడు. "ఆమె నవ్విందా చెప్పుకుంట?"

"లేదు. బకెట్ ఎలాంటిదో చెప్పింది."

"ఆఁ" అన్నాడు. "గట్లుంటది."

5 నవంబర్, మంగళ

పేజీ 118 ఆయనకి చూపించాను. ఎర్రబడతాడేమోనని చూశాను.

"డోరాకి హాస్యం ఎక్కువ. వార్డర్ అలాగే ఉంచండి. మిగతావి ఎక్కించేయండి. ఎనామిల్ బాగుంది."

ఎనామిల్ బాగుందట.

11 నవంబర్, సోమ

నిన్న దీపావళి. సంఘం వాళ్ళ సభలో మూర్తి నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. "కరీబియన్ నాయకుడి జీవితాన్ని రాస్తున్న మన ఆంధ్ర ఆడపడుచు." ఒకావిడ పక్కకొచ్చి, "అక్కా, ఎంతిస్తున్నారేంటి?" అంది. ఇంకొకావిడ, "ఆయన జైలుకి కూడా వెళ్ళాడటగా, గాంధీగారిలా!" అంది.

"అవునట" అన్నాను.

ఆ 'అట' ఎవరికీ వినపడలేదు.

19 నవంబర్, మంగళ

సవరణలన్నీ ఎక్కించాను. బకెట్ ఎనామిల్ అయింది, వాన ఆగిపోయింది, సముద్రం పోయి ఆసుపత్రి గోడ వచ్చింది. ఆవిడ సరిదిద్దిన ప్రతి చోటా ఆయన అబద్ధం గట్టిపడింది. ఇక ఎవరూ పట్టుకోలేరు. లోపల ఉన్న మనిషే సరిచూసిన కాపీ కదా.

చెమట పట్టే గోడని మాత్రం ఆవిడ ముట్టుకోలేదు.

23 నవంబర్, శని

టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం నాలుగు. అక్కడ పొద్దున్న. ప్రెస్సు నంబరు ఫాక్స్ నెత్తిన ఉంది. నాలుగో క్యాబిన్. ముందు నిలబడ్డ మలయాళీ నర్సు ఏడ్చి వెళ్ళింది, రిసీవరు ఇంకా తడిగా ఉంది.

ఆడగొంతు. వెనక మిషను చప్పుడు.

"డోరా గారేనా? దోహా నుంచి. ఆ పుస్తకం—"

"ఆఁ. టైపు చేసేవారు."

"రాసింది నేనే. ఆ జైలు అధ్యాయం. మీదని నాకు తెలియదు. ఆయనదనుకుని..."

"తెలుసు. కంపోజ్ చేసింది నేనే కదా."

"కోపం రాలేదా?"

"వచ్చింది. కిటికీ దగ్గర." మిషను ఆపమని ఎవరికో చెప్పింది. "ఆ గోడ సంగతి ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"నేనెవరికీ చెప్పలేదు. హ్యూబర్ట్‌కీ తెలియదు. వీపు ఆనించుకుని ఉండేదాన్ని... మీరు ఎక్కడున్నారు, లోపల?"

"ఎక్కడా లేను. ఇంట్లోనే."

లైను మీద సముద్రం లాంటి హోరు. ఆ అధ్యాయం మార్పించుకోండి, మీరు ఒప్పుకోకపోతే అచ్చు ఆగుతుంది అని చెప్పడానికే వెళ్ళాను. మొత్తం కాగితం మీద రాసుకుని వెళ్ళాను. చదివాను కూడా, స్కూలు పిల్లలా.

మధ్యలోనే ఆపేసింది. "అమ్మా, పత్రిక కూడా మళ్ళీ మొదలవుతోంది. ఎన్నికలకి. అడుగున పేరు నాదే. పోయిన వారం అడిగాడు."

"ఒప్పుకున్నారా?"

"ఇంకెవరున్నారు? కొత్తగా వచ్చినవాళ్ళకి చంటిపిల్లలు." గొంతులో విసుగు. నామీదో, వాళ్ళమీదో. "ఇప్పుడు పని చెప్పండి. అన్నీ అయ్యాయి, టైటిల్ పేజీ ఒక్కటే ఆగింది. రచన దగ్గర మిసెస్ మూర్తి అని రాసి పంపాడు. అది పేరు కాదు కదా. ఏం వేయమంటారు?"

శారద అనాలి. ఏ ఇంటిపేరుతో? గోడపత్రిక కింద ఉన్నదా, వీసా మీద ఉన్నదా? లేక ఏదీ వద్దనాలా? మీ పేరే వేసుకోండి అనాలా... అంటే మళ్ళీ ఆవిణ్ణే ముందు నిలబెట్టినట్టు కాదూ?

"ఒక్క నిమిషం" అన్నాను.

గుమాస్తా అద్దం మీద కొట్టాడు. టైమైపోయింది.

26 నవంబర్, మంగళ

అప్పలసామి రేపు దీవికి బయల్దేరుతున్నాడు. విల్లా ఫాక్స్ మిషను ఇవాళ మధ్యాహ్నమే విప్పేస్తారట. టైటిల్ పేజీ కాగితం ఈలోపే వెళ్ళాలి.

మూర్తి పొద్దున్న షూ వేసుకుంటూ, "ఇంకా పంపలేదా? మా ఇంటిపేరుతో పూర్తిగా వెయ్యి, అన్నయ్యవాళ్ళు చూస్తారు."

"కేసు వస్తే?"

"ఎక్కడో దీవిలో కేసు మనకేంటి! అంత భయపడే మనుషులు పుస్తకాలు రాస్తారా?"

రాయరు. నిజమే. ఐదో సంచిక రాయలేదు నేను.

కాగితం మీద 'రచన' అని రాశాను. పక్కన ఖాళీ. కాఫీ తాగాను. గిన్నెలు కడిగాను. వచ్చి చూస్తే ఇంకా ఖాళీ. వద్దనుకుంటే పేరు లేకుండా పోతుంది, జైలు మాత్రం ఆయనదిగా ఉండిపోతుంది, నేను శుభ్రంగా ఇవతల కూర్చుంటాను. వేస్తే, ఆ అబద్ధం నాదని ఒప్పుకున్నట్టు. అబద్ధం నాదే. వేయాలేమో. అలా అనుకోగానే లోపల ఒక మూల సంతోషం. అచ్చులో పేరు! ఆ సంతోషాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది.

కింద హారన్. ఎల్లయ్య. రెండోసారి.

బాల్కనీలోంచి వంగి చూశాను. "అమ్మా, కాయిదం తయారైందా? సారు యల్లా యల్లా, జల్ది అంటుండు."

"వస్తున్నా" అన్నాను.

కలం మూత తీసే ఉంది. మూడోసారి కొడుతున్నాడు.